పాలమూరు ఎండల్లో సైకిల్‌కు దారేది?

తెలంగాణలో ఏటా మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెడతారు. ఉదయం 8 గంటలకు గంట కొట్టి, మధ్యాహ్నం 12.30కి వదిలేస్తారు. పిల్లలు ఎండకు తట్టుకోలేరన్నది దీని వెనక ఉన్న మంచి ఉద్దేశం. అయితే పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల సంగతి చూడండి. పొద్దున చల్లటి పూట వచ్చింది, బాగానే ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం చేసి బయల్దేరేసరికి ఒంటిగంట కావస్తుంది. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగు దాటాక ఇంటిదారి పట్టే పిల్ల, ఎండలు ముదిరిన నెలల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్న వేళ రోడ్డెక్కుతోంది. రేకుల కప్పు కింద మధ్యాహ్నమంతా ఉడికిపోవడం కన్నా ఇదే నయమని వాదించవచ్చు. కానీ వేళలు నిర్ణయించిన చోట తరగతి గదిని లెక్కలోకి తీసుకున్నారు. బడికీ ఇంటికీ మధ్యనున్న నాలుగు కిలోమీటర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

వాతావరణం ఇంత తీవ్రంగా మారుతున్నప్పుడు సైకిల్ ప్రయాణ సాధనంగా పనికొస్తుందా అన్న చర్చలో తరచూ జరుగుతున్న పొరపాటు కూడా ఇదే. ఎండను చూస్తున్నాం, మనిషిని చూస్తున్నాం, సైకిల్‌ను చూస్తున్నాం. దారిని చూడటం లేదు.

ఈ చర్చ ఎక్కువగా హైదరాబాద్‌లో జరుగుతుంది. ఐటీ ఉద్యోగి కారు వదిలి సైకిల్ ఎక్కుతాడా, చెమటతో ఆఫీసుకు ఎలా వెళ్తాడు, స్నానానికి గది ఉందా అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. అవీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ అక్కడ సైకిల్‌ను పోల్చేది ఏసీ కారుతో. పాలమూరు పట్టణాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేటల్లో పోల్చాల్సింది నడకతో. 2011 జనగణనలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసుకునే 20 కోట్ల మందిని పనికి ఎలా వెళ్తారని అడిగారు. సుమారు నాలుగున్నర కోట్ల మంది నడిచి వెళ్తామన్నారు. రెండు కోట్ల అరవై లక్షల మంది సైకిల్ మీద వెళ్తామన్నారు. ఆ తర్వాత బైకులు బాగా పెరిగాయి, నిజమే. అయినా పొద్దున్నే పేపర్ వేసే కుర్రాడు, పాలు పోసే మనిషి, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి పోయే వాచ్‌మన్, అడ్డా మీద పని దొరుకుతుందని ఎదురుచూసే మేస్త్రీ ఈ రోజుకూ సైకిల్ మీదో, కాలి మీదో ఉన్నారు. వాళ్లకు "ఈ ఎండలో సైకిలా?" అన్న ప్రశ్నే లేదు. ఎండైనా వానైనా పోవాల్సిందే.

నడకతో పోల్చి లెక్కేస్తే సంగతి తేటతెల్లమవుతుంది. నాలుగు కిలోమీటర్ల దూరం నడిస్తే దాదాపు 50 నిమిషాలు. తాపీగా సైకిల్ తొక్కినా 16, 17 నిమిషాలు. అంటే నడిచేవాడు మూడు రెట్ల సేపు ఎండలో ఉంటాడు. పైగా చదునైన రోడ్డు మీద కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి సైకిల్‌కు నడకలో మూడో వంతుకు మించదు. కాబట్టి ఎండలో సైకిల్ ప్రమాదకరం అనే ముందు, ఎవరికి, దేనితో పోలిస్తే అని అడగాలి. నడిచేవాడికి సైకిల్ ఎండ నుంచి ఎంతో కొంత రక్షణే. బైకు మీద పోయేవాడికీ నెత్తిన నీడ లేదు. తేడా అల్లా ఒళ్లు శ్రమించడంలో ఉంది.

ఆ శ్రమ సంగతిని దాటవేయకూడదు. మన కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పెడల్‌కు చేరదు. మిగిలిందంతా ఒంట్లో వేడిగా తేలుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట పట్టాలి, పట్టిన చెమట ఆరాలి. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. గాలి ఉష్ణోగ్రత మన చర్మం వేడి కన్నా తక్కువగా, అంటే 35 డిగ్రీల లోపు ఉన్నంత వరకూ సైకిల్ వేగానికి తగిలే గాలి రెండు విధాలా మేలు చేస్తుంది. ఒంటిని నేరుగా చల్లబరుస్తుంది, చెమటనూ ఆరబెడుతుంది. 35 దాటాక గాలే వేడిని మోసుకొచ్చి ఒంటికి తగిలిస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే దిక్కు. పాలమూరు ఎండ పొడి ఎండ కాబట్టి చెమట త్వరగా ఆరుతుంది. అదే 40 డిగ్రీలు మచిలీపట్నంలో ఉంటే గాలిలో తేమ వల్ల చెమట కారుతుందే తప్ప ఆరదు, సైకిల్ తొక్కేవాడికి అది ఇంకా కష్టం. అలాగని పొడి ఎండను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంటే ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యమై ఉంటుంది. వడదెబ్బ కొట్టేది ఇలాగే.

2015 మే నెలను ఎవరూ మరచిపోకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఎక్కువ మంది ముసలివాళ్లు, బయట పనిచేసుకునే పేదలు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి రూ.4 లక్షల పరిహారం ఇస్తామంది. మంచి నిర్ణయం. కానీ అది మనిషి పోయాక ఇచ్చే డబ్బు. మనిషి రోడ్డు మీద ఉండగా ఏం చేయాలన్నదే ఇప్పుడు మన ముందున్న పని.

ఈ మాట చెప్పడానికి మన్ననూర్‌ను ఎంచుకున్నాను. ఇది నగరం కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో, నల్లమల మొదట్లో, హైదరాబాద్-శ్రీశైలం రహదారి మీదున్న ఊరు. అటవీ చెక్‌పోస్టు ఇక్కడే ఉంది, చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ కార్యాలయమూ ఇక్కడే. సైకిల్‌కు సంబంధించి ఎక్కడ సాధ్యం, ఎక్కడ అసాధ్యం అన్నది ఈ ఒక్క చోట నిలబడి చూస్తే అర్థమవుతుంది.

అసాధ్యం ముందు చెబుతాను. మన్ననూర్ దాటి ఫర్హాబాద్ వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ చడావులో, మే నెల ఎండలో, గేర్లు లేని మామూలు సైకిల్ తొక్కుకుంటూ రోజూ పనికి పోవాలని ఎవరికీ చెప్పలేం. "చల్లటి వేళ బయల్దేరండి" అన్న సలహా కూడా ఇక్కడ పనిచేయదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఈ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ వాహనాలను అనుమతించరు. అది సరైన నిబంధన, అడవి జంతువులకు ఆ మాత్రం నిశ్శబ్దం ఉండాల్సిందే. అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటల్లో, అంటే అడవి లోపలి గూడేల్లో ఉండే చెంచులకు కావలసింది సైకిల్ కాదు, వేళకు వచ్చే బస్సో జీపో. సైకిల్‌ను ప్రేమించేవాళ్లు ఈ సంగతి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే మిగతా మాటకు విలువ ఉంటుంది.

అదే మన్ననూర్ నుంచి వెనక్కి, మైదానం వైపు తిరిగితే కథ వేరు. సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అచ్చంపేట. ఇంకాస్త ముందుకు పోతే నాగర్‌కర్నూల్. అటు వనపర్తి, గద్వాల. 2011 లెక్కల ప్రకారం వనపర్తి, గద్వాలల్లో జనాభా అరవై వేల చొప్పున దాటింది. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు కిలోమీటర్లు. పెద్ద కొండల్లేవు, చడావుల్లేవు. బస్టాండ్, మార్కెట్, ఆసుపత్రి, కాలేజీ అన్నీ పావుగంట సైకిల్ దూరం. నగరాల్లో సైకిల్ గురించి గంటల తరబడి మాట్లాడతాం గానీ, సైకిల్‌కు కొలిచి కట్టినట్టున్న ఊళ్లు ఇవే. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కలెక్టరేట్లు ఊరి శివార్లకు పోయాయి. దాంతో నడిచిపోయే పని కాస్తా ఆటో ఎక్కే పనైంది. ఆటోకు పోనూ రానూ పెట్టే డబ్బు కూలి చేసుకునే మనిషికి చిన్నది కాదు. ఆ దూరానికి సైకిల్ సరిగ్గా సరిపోతుంది. మరి ఎండో?

ఎండకు మందు నీడ. ఇది అందరికీ తెలిసిన సంగతే, అందుకే దీని గురించి ఎవరూ సరిగ్గా ఆలోచించరు.

నల్లమల ఆకురాల్చే అడవి. మే నెలలో మన్ననూర్ చెక్‌పోస్టు దాటి లోపలికి పోతే అడవంతా నీడ ఉంటుందనుకోవడం పొరపాటు. టేకు మోడుగా నిలబడి ఉంటుంది. చాలా చెట్లకు తొలకరి పడితే గానీ ఆకు నిండదు. అదే వేళ ఊళ్లో చింతచెట్టు కిందికి రండి. కింద పడే ఎండ చుక్కలు చుక్కలుగా తప్ప పలకగా పడదు. పక్కన కానుగ. మార్చిలో ఆకు రాల్చేసి, ఏప్రిల్ వచ్చేసరికి నిగనిగలాడే కొత్త ఆకుతో గుబురుగా తయారవుతుంది. వేప కూడా అంతే, ఉగాదికి పూత, ఆ వెంటే నిండా ఆకు. రావికీ ఏప్రిల్‌కల్లా కొత్త ఆకు వస్తుంది. అంటే ఎండ ఎప్పుడు తీవ్రంగా ఉంటుందో అప్పుడే నీడ చిక్కగా ఉండే చెట్లు మనకు నాలుగైదు ఉన్నాయి. రోడ్డు పక్కన చింత, వేప, కానుగ, మర్రి, రావి పెట్టిన పాత తరం వాళ్లకు ఈ సంగతి తెలుసు. ఆ రోజుల్లో రోడ్డు మీద పోయేది నడిచేవాడు, ఎడ్లబండివాడు. రోడ్డును వాళ్ల కోసం తీర్చారు.

ఇప్పుడు మన పట్టణాల్లో నాటుతున్న మొక్కలేవో, ఎక్కడ నాటుతున్నామో చూడండి. 2015లో హరితహారం మొదలైంది. కోట్ల మొక్కలు నాటారు, రోడ్ల వెంట పచ్చదనం పెరిగింది, కాదనలేం. కానీ చాలా పట్టణాల్లో ఆ పచ్చదనం డివైడర్ల మీద ఉంది. సైకిల్ తొక్కేవాడు పోయేది రోడ్డు అంచున. డివైడర్ మీద ఉన్న గన్నేరు మొక్క నీడ వాడి మీద ఎన్నడూ పడదు. అంచుల్లో పెట్టిన చోట కూడా త్వరగా పెరుగుతాయని, అందంగా ఉంటాయని తెచ్చి పెట్టినవి చాలా ఉన్నాయి. కోనోకార్పస్ అలాగే వచ్చింది, తర్వాత దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఎర్రటి పూలతో కళ్లకు పండగ చేసే తురాయి, ఎండలు మండే రోజుల్లో పూలిస్తుంది తప్ప చిక్కటి నీడనివ్వదు.

ఏ వైపు నాటాలన్నదానికీ లెక్క ఉంది. మన్ననూర్ ఉన్న అక్షాంశం దగ్గర మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తి మీదికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ వేళ చెట్టు కొమ్మలు రోడ్డు మీదికి చాచి ఉంటే తప్ప నీడ దొరకదు. పొద్దున పదింటి లోపు, సాయంత్రం నాలుగు దాటాక అలా కాదు. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్డుకు తూర్పు అంచున ఉన్న చెట్లు పొద్దున నీడనిస్తాయి, పడమటి అంచు చెట్లు సాయంత్రం నీడనిస్తాయి. రెండు వైపులా వరస ఉంటే బడికి వెళ్లే వేళా, పని నుంచి తిరిగొచ్చే వేళా సైకిల్‌కు నీడ దక్కుతుంది. తూర్పు పడమరలుగా పోయే రోడ్డుకు నడి వేసవిలో ఉత్తరపు వరస ముఖ్యం, ఆ నెలల్లో ఉదయం సాయంత్రం సూర్యుడు కాస్త ఉత్తరంగా వాలి ఉంటాడు కాబట్టి. దీనికి పెద్ద ఇంజినీరింగ్ అక్కర్లేదు. మున్సిపాలిటీలో మొక్కలు నాటే మేస్త్రీకి ఒక కాగితం మీద గీసి ఇస్తే చాలు.

నీడ ఉన్న రోడ్డు ఎలా ఉంటుందో చూడాలంటే చేవెళ్ల దారికి పోవచ్చు. హైదరాబాద్ నుంచి మన్నెగూడ వరకూ బీజాపూర్ రోడ్డు వెంట నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు సుమారు తొమ్మిది వందలు ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేస్తారన్నప్పుడు ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాటాన్ని చాలామంది పర్యావరణ వ్యవహారంగానే చూశారు. నా దృష్టిలో అది రవాణా వ్యవహారం కూడా. తొమ్మిది వందల మర్రిచెట్ల నీడను డబ్బు పెట్టి ఇప్పుడు కొందామన్నా దొరకదు.

డబ్బు లేదన్న మాట మన పట్టణాలు చెప్పడానికి వీల్లేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌కు కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతకకపోతే వార్డు కౌన్సిలర్, అధికారి జవాబు చెప్పాలి. ఇంత గట్టి నిబంధన ఉన్న చట్టం మన చేతిలో ఉంది. ఆ పది శాతంలో సగాన్ని వచ్చే మూడేళ్లు బడి దారులు, మార్కెట్ దారులు, కలెక్టరేట్ దారుల అంచున చింత, కానుగ, వేప నాటి బతికించడానికి పెడితే కొత్త పథకం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. కానుగ అయిదారేళ్లకే నీడకొస్తుంది. చింతకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందాకా కూడళ్ల దగ్గర చలువ పందిళ్లు వేయొచ్చు. పుదుచ్చేరిలో 2024 వేసవిలో ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర పచ్చటి వలలు కట్టి నీడ కల్పించారు. చాలా చిన్న ఖర్చు. చలివేంద్రాలు మనకు కొత్త కాదు. బస్టాండ్ ముందే నాలుగు పెట్టే బదులు ఊరి బయటికి పోయే దారుల్లో రెండేసి కిలోమీటర్లకు ఒకటి పెడితే సైకిల్ మీద పోయే మనిషి ఆగి, నీళ్లు తాగి, తువ్వాల తడిపి నెత్తిన కట్టుకొని పోతాడు.

హైదరాబాద్‌లో నీడ ఉన్న సైకిల్ దారి ఒకటుంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట నార్సింగి, కొల్లూరు, పోలీస్ అకాడమీల మధ్య 23 కిలోమీటర్లు, పైన 16 మెగావాట్ల సౌర ఫలకాలు. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. దక్షిణ కొరియాలో చూసి వచ్చి కట్టారు. ఎండకు కప్పు, ఆ కప్పు మీద కరెంటు. ఆలోచన మంచిది, కట్టడమూ బాగుంది. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది సైకిల్‌ను కారులో పెట్టుకొని వచ్చి, గంటసేపు తొక్కి, మళ్లీ కారులో ఇంటికి పోతారు. అది వ్యాయామానికి వేసిన దారి. ఊరిలోపల ఇంటినీ పనినీ కలిపే దారికి అలాంటి కప్పు ఎక్కడా లేదు. నీడ వేయడం మనకు చేతకాక కాదు. ఎవరికి వేయాలన్న దగ్గర మనం తప్పుతున్నాం.

ఇతర దేశాల్లో ఏం చేశారో చూస్తే ఈ మాటకు బలం వస్తుంది. స్పెయిన్‌లోని సెవియా నగరంలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. 2022లో ప్రపంచంలో మొదటిసారి వడగాలికి పేరు పెట్టింది ఆ ఊరే. అక్కడ 2006 తర్వాత కొన్నేళ్లలోనే వంద కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులు, మధ్యలో ఎక్కడా తెగిపోకుండా ఒకదాన్నొకటి అతుకుతూ వేశారు. అప్పటి దాకా కనపడని సైకిళ్లు రోడ్ల మీదికి వచ్చాయి. ఇరుకు వీధుల మీద అడ్డంగా గుడ్డలు కట్టి నీడ పరచడం వాళ్లకు పాత అలవాటు. ఉత్తరాన ఫిన్లండ్‌లో ఊలు అనే ఊరుంది. చలికాలంలో మైనస్ 20 డిగ్రీలు. అక్కడ మంచు పడగానే సైకిల్ దారుల మీద మంచు ఊడ్చడం ముఖ్యమైన పని. అందుకే ఆ చలిలోనూ పిల్లలు బడికి సైకిల్ మీద పోతారు. చలికాలపు సైకిల్ ప్రయాణం మీద తొలి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది కూడా అక్కడే. ఆ రెండు ఊళ్లూ వాతావరణాన్ని మార్చలేదు. దారిని మార్చాయి.

వాన సంగతి త్వరగానే తేల్చవచ్చు. పాలమూరు వాన తక్కువ పడే ప్రాంతం. సైకిల్‌ను పూర్తిగా ఆపేసే రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి రోజు వస్తే ఏ వాహనమూ కదలదు. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చినప్పుడు డిండి దగ్గర శ్రీశైలం రహదారి మీదే రాకపోకలు ఆగిపోయాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగిన రాత్రి కార్లే కొట్టుకుపోయాయి. మామూలు వానకు రెయిన్‌కోటు, మడ్‌గార్డు చాలు. అసలు అపాయం నీళ్ల కింద కనపడని గుంత, మూత లేని మురికి కాలువ. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం బయల్దేరకూడదు, పొలాల మధ్య దారిలో పిడుగు భయం నిజమైనది. ఇక పంక్చర్ల సంగతి. రోడ్డు అంచులు సర్కారు తుమ్మతో నిండిపోయిన చోట ఒక్క ముల్లు ట్యూబును తినేస్తుంది. ఆ తుమ్మ కొట్టేసి అంచును శుభ్రంగా ఉంచడం రోడ్లు భవనాల శాఖ పనే, కానీ సైకిల్ కోసమని దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆడపిల్లల చదువు విషయంలో సైకిల్ చేసిన మేలు చిన్నది కాదు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని అధ్యయనం చేశారు. ఆ వయసు అమ్మాయిల్లో హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయనీ, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో ఇలాగే ఇచ్చారు. సైకిల్ ఇవ్వడం సులువు. ఇచ్చిన సైకిల్ ఏప్రిల్‌లో కూడా తొక్కగలిగేలా దారి ఉందా అన్న ప్రశ్న మాత్రం ఏ పథకంలోనూ అడిగినట్టు కనపడదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఎంతోమందికి అది పెద్ద ఆసరా. కానీ ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా రెండు మూడు కిలోమీటర్లు ఎండలో నడవాల్సిందే. బస్ షెల్టర్ దగ్గర సైకిల్ పెట్టి తాళం వేసుకోవడానికి రేకుల కప్పుతో ఒక చిన్న స్టాండు ఉంటే ఆ నడక కాస్తా సైకిల్ ప్రయాణం అవుతుంది. మన్ననూర్ లాంటి ఊళ్లకు ఇది తక్షణం పనికొచ్చే ఏర్పాటు. ఇదే మన్ననూర్ నుంచి శ్రీశైలం వైపు అడవి మీదుగా వేల కోట్ల అంచనాతో ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన నడుస్తోంది. అది కట్టినా కట్టకపోయినా, ఈ చుట్టుపక్కల ఊళ్ల మనుషులు రోజూ వాడే రోడ్డు అంచు రెండు మీటర్లు చదును చేసి సైకిల్‌కు వదలాలి. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం పోయే బస్సుల వరసకు భయపడి సైకిల్ రోడ్డు దిగి కంకరలో పోవాల్సిన స్థితి ఉండకూడదు.

కాబట్టి నా తీర్పు ఇది. నాలుగైదు కిలోమీటర్ల లోపు, చదునైన ఊళ్లో, పొద్దున పదింటి లోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక సైకిల్ ఏప్రిల్, మే నెలల్లో కూడా ఆరోగ్యవంతులకు సాధ్యమే. నీడ ఉంటే హాయిగా సాధ్యం. పదకొండు నుంచి నాలుగింటి దాకా, వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో, సైకిల్ తొక్కమని ఎవరినీ ప్రోత్సహించకూడదు. తప్పక పోయేవాళ్లకు బస్సు ఉండాలి. గుండె జబ్బు, షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, పెద్ద వయసువాళ్లు ఆ నెలల్లో డాక్టర్‌ను అడిగి తీరాలి. ఘాట్ రోడ్డుకు, అడవి దారికి సైకిల్ జవాబు కాదు.

వేళల విషయంలో ప్రభుత్వం ఈ సంవత్సరమే చేయగలిగింది ఒకటుంది. ఒంటిపూట బడిని ఎనిమిదికి బదులు ఏడింటికి మొదలుపెట్టి పదకొండు లోపు వదలొచ్చు. లేదా దూరం నుంచి సైకిల్ మీదా, నడిచీ వచ్చే పిల్లలు భోజనం చేశాక సాయంత్రం దాకా బడిలోనే ఉండేలా ఫ్యాన్లు, మంచినీళ్లు ఉన్న ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషిని ఏర్పాటు చేయొచ్చు. ఉపాధి హామీ కూలీలు వేసవిలో తెల్లవారుజామునే పనికి దిగి ఎండ ముదరక ముందే ఇంటికి చేరుతున్నారు. కూలీలకు అక్కరకొచ్చిన ఆలోచన పిల్లలకు ఎందుకు రాకూడదు?

మీ వార్డులో ఈ వానాకాలం మొక్కలు నాటే రోజు మున్సిపల్ సిబ్బంది వస్తారు. వాళ్లను రెండు మాటలు అడగండి. ఏం మొక్క తెచ్చారు, డివైడర్ మీద పెడుతున్నారా, రోడ్డు అంచున పెడుతున్నారా అని. చింతో, కానుగో, వేపో తెమ్మనండి. బడికి పోయే దారిలో, తూర్పున ఒకటి, పడమట ఒకటి పెట్టించండి. 85 శాతం బతకాలన్న నిబంధన చట్టంలో రాసి ఉంది, దాన్ని అడిగే హక్కు మీకుంది.